మా అత్త ఎత్తు గాడిదలు

బడి నేను మూడో తరగతిలో మానేశాను. మానేశానని నేను అంటాను, తరిమేశానని పంతులు చెప్పుకునేవాడు. ఆయన రోజుకు నాలుగుసార్లయినా నన్ను గాడిదా అని పిలిచేవాడు. పదేళ్ళ తర్వాత గాడిదలు పెంచే ఇంటికి ఇల్లరికం పోయాక గాని నాకు తెలియలేదు, పాపం ఆయనకు గాడిదల గురించి ఏమీ తెలియదని.

అత్తగారి ఊరు కోస్గికి ఒక పూట నడక. మేం చాకలోళ్ళం. రేవుకు మూటలు మోయడానికి, ఉతుకుడుకు కావలసిన చవుడు మట్టి తేవడానికి ప్రతి చాకలి ఇంట్లో ఒకటో రెండో గాడిదలుంటాయి. మా మామకు మాత్రం ఇంటి వెనక రాళ్ళగోడ కట్టిన దొడ్డి నిండా గాడిదలే. వాటిని ఈనించి, పెంచి, చుట్టుపక్కల చాకళ్ళకు, కుమ్మరులకు ఇచ్చేవాడు. నారాయణపేట నుంచి కూడా మనుషులు వచ్చి తోలుకుపోయేవాళ్ళు. అవి అంత పొట్టివి. నేను మొదటిసారి దొడ్డిలోకి తొంగిచూసి, అన్నీ పిల్లలే అనుకొని, "వీటి తల్లులు ఏడికి పోయినయి మామా?" అని అడిగాను. మామ నన్ను ఎగాదిగా చూసి నిట్టూర్చాడు. బిడ్డను ఎవడి చేతిలో పెట్టానో ఆయనకు ఆ క్షణాన అర్థమైనట్టుంది.

ఆ పొట్టితనానికి కారణం మా అత్త. ఆమె నిలబడితే నా భుజం దాకా కూడా రాదు. కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో తడిమూటను గాడిద మీదికి ఎత్తలేక, దారిన పోయేవాళ్ళను "అన్నా, జర ఒక చెయ్యెయ్యే" అని పిలిచేదట. చెయ్యేసే అన్నలు రోజురోజుకూ ఎక్కువయ్యారట. మామ మాట్లాడే మనిషి కాదు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. ఒక తుమ్మకట్టె తెచ్చి, అత్త నడుము పక్కన నిలబెట్టి, అక్కడికి కోసుకున్నాడు. ఆనాటి నుంచి ఆ కట్టెను మించి పెరిగిన గాడిదను దొడ్డిలో ఉంచలేదు. పొట్టిదాన్ని పొట్టిదానితో దాటించి, వాటి పిల్లల్లో మళ్ళీ పొట్టివాటిని ఏరి, ఇట్లా ఇరవై ఏళ్ళు. నేను వచ్చేసరికి ఏ ఆడమనిషైనా ఒంటిచేత్తో మూట వెయ్యగల గాడిదలు తయారయ్యాయి. ఊళ్ళో మొగుళ్ళు పెళ్ళాలకు చీర తెస్తే, మా మామ గాడిదల వంశాన్నే తయారుచేసి ఇచ్చాడు.

అత్త మాత్రం మురిసిపోయేది కాదు. "నీ మామ గాడిదిని కొలిసినన్నిసార్లు నా మొకం సూడలే పిలగా," అనేది.

ఇప్పుడు ఈ వంశానికంతా ఆధారం ఒక మగ గాడిద. బూడిద రంగు, భుజాల మీద అడ్డంగా నల్లచార, ఎడమ చెవి కొసన చిన్న చీలిక. కట్టెకు రెండు వేళ్ళు తక్కువ. అంత పొట్టి మగది మళ్ళీ పుట్టలేదు. మామ దాని వీపు మీద ఒక్కనాడూ మూట వెయ్యలేదు. కూర్చొని తినడం, వంశం నిలబెట్టడం, ఇవే దాని పనులు. నన్ను తెచ్చుకున్నదీ ఇదే పనికని అత్త నలుగురిలో అనేది. మా ఇద్దరిలో దానికే మేత ముందు పడేది.

మామ ఆ పనిలో ఎంత నిపుణుడంటే, ఆడ గాడిద ఊరికే నోరు చప్పరిస్తూ నిలబడితే చాలు, ఎదకు వచ్చిందని చెప్పేవాడు. అది నిండా పన్నెండు నెలలు మోసి ఈనేది. ఈనిన నాడు ఊళ్ళోని బాలింతలు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్ళు, పసిపిల్లల దగ్గుకు గాడిదపాలు కావాలని. ఆ రోజు మామ గోడకు ఆనుకొని కూర్చొని, నవ్వినట్టు కనిపించేవాడు. నవ్వేవాడని ఒట్టు పెట్టి చెప్పలేను.

అట్లాంటి కాలంలో రజాకార్లు వచ్చారు.

నల్లగొండ దిక్కున సంఘంవాళ్ళు దొరలను గడుల్లోంచి వెళ్ళగొడుతున్నారన్న మాట మా దాకా వచ్చింది. మా ఊరి దొర, ఇంకా ఎవరూ వెళ్ళగొట్టకముందే, కడుపునొప్పికి దవాఖానలో చూపించుకుంటానని చెప్పి హైదరాబాదుకు పోయాడు. ఏడు పెట్టెల బట్టలతో పోయాడు కాబట్టి పెద్ద నొప్పే అయి ఉండాలి. గడిని గుమాస్తాకు అప్పగించాడు. గుమాస్తాకు ఖాళీ గడిలో ఉండే ధైర్యం లేదు. తన ఇంట్లోనే ఉండి, బయటి తలుపు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఎందుకంటే గడిలో దొరగారి తెల్ల గుర్రం ఉంది, దాన్ని చూసుకునేవాడు సంఘంలో కలిసిపోయాడు. గడి బట్టలు ఉతకడం ఎట్లాగూ మా వెట్టి. గుర్రానికి నీళ్ళు పెట్టడం కూడా అందులోకే చేరింది.

అది ఆడ గుర్రం, మంచి ఎత్తరి. దొర భారీ మనిషి, నేల మీద నుంచి దాన్ని ఎక్కలేడు. అందుకని వాకిట్లో ఒక నల్లరాయి వేసి ఉండేది. మోకాలికి పైన ఎత్తు, ఇద్దరు కూర్చునేంత వెడల్పు, పైన నున్నగా చదును. దొర ఆ రాయెక్కి, రాయి మీద నుంచి గుర్రమెక్కేవాడు. గుర్రానికి అది ఎంత అలవాటంటే, కొట్టంలోంచి విప్పగానే నేరుగా పోయి రాయి పక్కన నిలబడేది. వీపు మీద బరువు పడేదాకా చెవి కూడా కదిలించేది కాదు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు, అక్కడే వచ్చింది తంటా.

పక్క ఊళ్ళో దిగిన రజాకార్లు సామాను మోయడానికి బండ్లు, ఎడ్లు, గాడిదలు ఏవి దొరికితే అవి తోలుకుపోతున్నారు. పోయినవి తిరిగి రావడం లేదు. ఒక పొద్దున గుమాస్తా మా దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"రేపు గాడిదులన్ని కావాల్నంటరా. తయారుగుంచు," అన్నాడు మామతో.

మామ తల ఊపాడు. గుమాస్తా అటు పోగానే అత్తా, నా పెళ్ళామూ ఆడ గాడిదలన్నిటినీ తోలుకొని గుట్ట వెనక సీతాఫలం పొదల్లోకి పోయారు. మగదాన్ని మాత్రం తోలుకుపోలేదు. ఎందుకంటే అది పూటకోసారి ఓండ్ర పెడుతుంది, అది పెట్టే ఓండ్ర అర కోసు దాకా వినిపిస్తుంది. దాన్ని పొదల్లో దాస్తే రజాకార్లకు కబురు పంపినట్టే.

"తోకకు రాయి కడితే అరవది," అన్నాడు మామ. "తోక లేస్తెనే దానికి గొంతు లేస్తది."

ఇద్దరం కలిసి పిడికిలంత రాయిని తోకకు కట్టాం. గాడిద వెనక్కి తిరిగి రాయిని చూసింది, మామను చూసింది, కాసేపు ఆలోచించింది. తర్వాత రాయితో సహా తోక లేపి, అంతకుముందెన్నడూ పెట్టనంత పొడుగ్గా ఓండ్ర పెట్టింది.

మామ కింద కూలబడ్డాడు. "ఇది పోతే ఇంకేం లేదు అల్లుడా. మళ్ళ ఇరవై ఏండ్లు నాకేడియి?" అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం అదే మొదలు. నాకు ఎగతాళి తోచలేదు.

"నాకియ్యి మామా. నేను దాస్త."

"ఏడ దాస్తవ్?"

"అది అడుగకు. రేపు వాళ్ళు నిన్ను అడుగుతరు, నీకేమో అబద్ధమాడరాదు."

నిజంగానే రాదు. మామకు అబద్ధం చెప్పాలంటే ముందు చెవులు ఎర్రబడేవి.

రజాకార్లు ఊళ్ళో ఎక్కడైనా వెతుకుతారు. తమకు సాయం చేసే దొర గడిలో మాత్రం వెతకరు. గాడిద మీద దుప్పటి కప్పి, దాని మీద గడి బట్టల మూట పెట్టి, అందరూ చూస్తుండగానే తోలుకుపోయి గుర్రపు కొట్టంలో కట్టేశాను. దాని జన్మలో అది మోసిన మూట అదొక్కటే. గుర్రం సంగతి నాకు తోచలేదని కాదు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూశాను కూడా. మా గాడిద వీపు గుర్రం కడుపు దగ్గర ఉంది. "నీకు అందదు లేరా," అని దాని చెవిలో చెప్పి, రెండూ కాళ్ళు సాచుకుంటాయని వాకిట్లోకి వదిలి, తాళం వేసుకొని వచ్చాను.

మర్నాడు రజాకార్లు వచ్చి ఖాళీ దొడ్డి చూసి, మామను రెండు దెబ్బలు కొట్టి పోయారు. గాడిదలేవని అడిగితే మామ "నాకెరుక లేదు" అన్నాడట. మగదాని మటుకు అది నిజమే. ఆడవాటి సంగతికి చెవులు ఎర్రబడ్డాయేమో, దెబ్బలకు ఎర్రబడ్డాయని వాళ్ళు అనుకొని ఉంటారు.

ఇక గడిలోంచి పూటపూటకూ ఓండ్ర వినిపిస్తోంది. ఊళ్ళో అందరూ విన్నారు. గడిలోంచి ఏ చప్పుడు వచ్చినా విననట్టు ఉండటం తరతరాలుగా వాళ్ళకు అలవాటే. గుమాస్తా ఒక్కడే నన్ను ఆపి అడిగాడు.

"గడిల ఏందిరా అరుస్తాంది?"

"మీకూ వినవడ్డదా సారూ? నాకొక్కనికే వినవడుతాందేమో అనుకున్న," అన్నాను గొంతు తగ్గించి. "పెద్దదొర పాణం గడిలనే తిరుగుతదని మా అత్త అంటది."

పెద్దదొర అంటే దొర తండ్రి, చనిపోయి చాలా ఏళ్ళయింది. గుమాస్తా ముఖం పాలిపోయింది. "పెద్దదొర గట్లెందుకు అరుస్తడ్రా?"

"సచ్చినంక గొంతు మారుతదేమో సారూ. జర మీరే తలుపు తీసి సూడుండ్రి."

గుమాస్తా అటు నుంచి అటే ఇంటికి పోయి, మళ్ళీ గడి దిక్కుకు రాలేదు.

మూడోనాడు నీళ్ళ కుండతో తలుపు తీసేసరికి, గుర్రం అలవాటు ప్రకారం రాయి పక్కన చెవి కదిలించకుండా నిలబడి ఉంది. రాయి మీద, దొరగారు నిలబడే చోట, మా గాడిద. ఇరవై ఏళ్ళ మామ కష్టాన్ని ఆ రాయి ఒక్క దెబ్బకు సరిచేసింది. నేనేం చెయ్యగలను? కుండ కింద పెట్టి, మర్యాదగా గోడ దిక్కు తిరిగి నిలబడ్డాను.

గుట్ట దగ్గరికి సద్ది పట్టుకుపోయినప్పుడు నా పెళ్ళానికి ఈ మాట చెప్పాను. ఆమె నవ్వి నవ్వి పొదలో ముల్లు గుచ్చుకొని, ఏడ్చి, మళ్ళీ నవ్వింది.

"అయ్యకు చెప్పకు," అంది చివరికి. "నీ తోకకు రాయి కడతడు."

ఇంకో రెండు నాళ్ళకు నిజాం మీదికి వచ్చిన మిలట్రీ లారీలు మా దిక్కుకు వచ్చాయి. పక్క ఊరి రజాకార్లు ఎటుపోయారో కూడా ఎవరికీ తెలియలేదు. గాడిదలన్నీ దొడ్డికి చేరాయి. మామ మగదాన్ని కట్టెతో కొలిచి, డొక్కలు తడిమి, "జర బక్కగయింది," అన్నాడు. "ఏడ దాసినవ్?"

"మంచి ఇంట్లనే మామా. మర్యాదలు బాగనే జరిగినయి."

కొన్నాళ్ళకు దొర కాంగ్రెసోళ్ళ తెల్లటోపీ పెట్టుకొని హైదరాబాదు నుంచి తిరిగి వచ్చాడు. కడుపునొప్పి తగ్గిందట. ఊళ్ళో అందరినీ "మీరు" అని పిలవడం మొదలుపెట్టాడు, మేం వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూసేవాళ్ళం. ఆ తర్వాత గుర్రం కడుపు పెరగడం ఆయన కంటబడింది. అడిగితే గుమాస్తా, తాను గడి దిక్కుకే పోలేదని చెప్పలేక, మిలట్రీ వచ్చినప్పుడు ఒక అధికారి గుర్రం ఒక పూట గడిలో ఉందని చెప్పాడు. మిలట్రీ లారీల్లో రావడం ఊరంతా చూసింది. దొర చూడలేదు కదా. మహబూబ్‌నగర్ దాకా చెప్పుకున్నాడు, తన గడిలో మిలట్రీ గుర్రానికి పిల్ల పుట్టబోతోందని.

మళ్ళీ వానలు వెనకపట్టే వేళకు గుర్రం ఈనింది. పిల్లను చూడటానికి దొర చుట్టాలను పిలిచాడు. కొత్తగా వచ్చిన సర్కారు అధికారి ఒకాయన కూడా వచ్చాడు. పిల్ల లేచి నిలబడింది. ముందు చెవులు లేచాయి, తర్వాత మిగతాది లేచింది. చుట్టాలు దగ్గరికి వచ్చి చెవులు చూశారట. అంత చెవులున్న గుర్రాన్ని ఎవరూ చూడలేదు మరి.

మామనూ నన్నూ పిలిపించారు, మగ గాడిదతో సహా. దొర వాకిట్లో తుపాకి పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. పిల్ల పక్కన గుర్రం కట్టు లేకుండా నిలబడి ఉంది. నల్లరాయి ఉన్నచోటే ఉంది. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను.

"మీ గాడిదే గదా గీ పని చేసింది?" అన్నాడు దొర. చుట్టాల ముందు మీరు అంటున్నాడు కాని, చెయ్యి తుపాకి మీదే ఉంది. "నా గుర్రాన్ని కరాబు చేసిన జంతువును బతకనియ్య."

మామకు అసలు సంగతి తెలియదు. అందుకే చెవులు ఎర్రబడలేదు. నెమ్మదిగా ముందుకు వచ్చి, కట్టెను గాడిద పక్కన నిలబెట్టాడు. కట్టెకు రెండు వేళ్ళు తక్కువ. తర్వాత అదే కట్టెను గుర్రం పక్కన నిలబెట్టాడు. కట్టె కొస గుర్రం కడుపు దగ్గర ఆగింది.

"మీరే సూడుండ్రి దొరా. ఇరవై ఏండ్ల సంది దీని వంశాన్ని నేనే పొట్టిగ చేసుకుంట వచ్చిన. ఇది గా గుర్రాన్ని ఎట్ల అందుకుంటది?"

చుట్టాలు తలలు ఊపారు. అధికారి కూడా లేచి వచ్చి, కట్టె చూసి, "నిజమే, వీలుకాదు," అన్నాడు. దొర చెయ్యి తుపాకి మీద నుంచి జరిగింది. నేను చేతిలో తాడు వదులు చేశాను.

సరిగ్గా అప్పుడే మా గాడిద ముక్కు ఎగరేసి వాసన పట్టింది. నా చేతిలో తాడు విదిలించుకొని, ఎవరూ దారి చూపకుండానే వాకిట్లో అడ్డంగా నడిచి, నల్లరాయి మీదికి ఒక్క దుముకు దుమికి, దొరగారిలాగే నిలబడి ఓండ్ర పెట్టింది. ఆ పిలుపు వినగానే గుర్రం పిల్లను వదిలేసి, వచ్చి, రాయి పక్కన చెవి కదిలించకుండా నిలబడింది.

అధికారి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మామ కట్టె కింద పడింది. ఆయన రాయిని చూశాడు, గాడిదను చూశాడు, తర్వాత చాలాసేపు నన్ను చూశాడు.

ఏడాది కిందట అయితే గాడిదనూ నన్నూ ఒకే గుంతలో వేసేవాళ్ళు. ఆ రోజు దొర నెత్తి మీద టోపీ ఉంది, ఎదుట సర్కారు ఉంది. గాడిదను కాలిస్తే, చాకలోడి గాడిద తన రాయెక్కిందని ఒప్పుకున్నట్టే, ఆ మాట కోస్గి అంగడి దాకా పోతుంది. దొర ముఖం ఎరుపు నుంచి నలుపుకు తిరిగింది. చివరికి గుమాస్తా వైపు తిరిగాడు.

"గీ రాయి గీడ ఎవడు పెట్టిండు?"

"పెద్దదొర పెట్టించిండు దొరా," అన్నాడు గుమాస్తా. నేను చెప్పిన దయ్యం గుర్తొచ్చిందో ఏమో, ఆ మాటకు తనే ఉలిక్కిపడ్డాడు.

"తీసి అవతల పారేయండి," అన్నాడు దొర. "పిల్ల గుర్రప్పిల్లే. చెవులు కొంచెం పొడుగు, అంతే."

అట్లా ఆ వాకిట్లో శిక్ష రాయికి పడింది.

మామ ఇంటి దారి పట్టాడు. ముందు గాడిద, వెనక ఆయన, ఆ వెనక నేను. రేవు దాకా వచ్చాక ఆగాడు.

"ఎన్ని దినాలుంచినవ్?"

"ఐదు మామా."

మళ్ళీ కొంచెం దూరం నడిచాడు. "రాయి ఎత్తు ఎంతుంటది?"

"మోకాలు మీదికి."

మామ కట్టెను అడ్డంగా పట్టుకొని, వేళ్ళతో ఏదో లెక్క వేసుకున్నాడు. కోపం కంటే పెద్దది ఏదో ఆయన ముఖంలో కనిపించింది. తర్వాత అర్థమైంది, అది గర్వం.

పారేయమన్న రాయిని ఎక్కడ పారేయాలో దొర చెప్పలేదు. దొర ఎడ్లతోనే లాగించి తెచ్చి మా రేవులో దించారు. ఉతుకుడుకు అంత మంచి బండ ఆ వాగులో లేదు. అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని, ఎక్కి నిలబడింది. నేను పెళ్ళికి తెచ్చిన పెద్ద గాడిద ఒకటి అటుగా మేస్తోంది. మామ దాన్ని మొహమాటానికి ఉంచుకున్నాడే గాని లెక్కలోకి తీసుకోలేదు. అత్త దాన్ని అదిలించి దగ్గరికి పిలిచి, తడిమూటను ఎత్తి అవలీలగా దాని వీపు మీద వేసింది.

వేసి, రాయి మీద నుంచే మామ వైపు చూసింది.

"ఓ మనిషీ, గీ రాయి నువ్వు నాకు మొదటి దినమే తెచ్చిస్తే అయిపోవు గదా. ఇరవై ఏండ్లు గా గాడిదుల ఎంబడి ఎందుకు పడ్డవ్?"

నా పెళ్ళాం నోట్లో కొంగు కుక్కుకుంది. నేను నీళ్ళల్లోకి చూశాను. మామ కట్టె అందుకొని దొడ్డి దిక్కుకు నడిచాడు. ఆ పూట అన్నం కూడా సగమే తిన్నాడు. తుపాకి చెయ్యలేనిది అత్త ఒక్క మాటతో చేసిందని, ఇక దొడ్డి ఖాళీ చేస్తాడని నేను భయపడ్డాను.

మర్నాడు పొద్దున మేం రేవుకు పోయేసరికి, రాయి ఇసుకలో మెడ దాకా కూరుకుపోయి ఉంది. పైకి జానెడు మాత్రమే తేలి ఉంది. ఉతకడానికి సరిగ్గా సరిపోతుంది, ఎక్కి నిలబడితే మాత్రం ఏ ఎత్తూ రాదు. అంతటి బండ కింద ఒక్క మనిషి ఎప్పుడు లేచి, ఎంతసేపు తవ్వాడో తెలియదు. మామ అవతలి ఒడ్డున గాడిదలకు నీళ్ళు పెడుతున్నాడు. మోచేతుల దాకా ఇసుక అంటి ఉంది.

అత్త రాయిని చూసింది. అవతలి ఒడ్డును చూసింది. తర్వాత తడిమూట అందుకొని, పెద్ద గాడిదను పక్కకు తోసి, మామ పెంచిన పొట్టిదాన్ని దగ్గరికి లాక్కొని, ఎవరినీ పిలవకుండా తనే ఎత్తి వేసింది.